కీచకునికి నేపథ్య సంగీతం

వానలు కురవనప్పుడు విరాటపర్వం చదివించడం తెలుగునాట పూర్వాచారం. తిక్కన సోమయాజి పదమూడవ శతాబ్దంలో తెనిగించిన ఆ పర్వంలో పాండవుల అజ్ఞాతవాసం ఉంది, ఉత్తర గోగ్రహణం ఉంది. ఆ రెంటి నడుమ కీచకుని కథ ఉంది. ద్రౌపది సైరంధ్రి అనే మారుపేరుతో విరాటుని రాణి సుదేష్ణ వద్ద పరిచారికగా ఉంటుంది. రాణి తమ్ముడు, రాజ్యానికి సేనాపతి అయిన కీచకుడు ఆమెను చూసి మోహిస్తాడు. ఆమె కాదంటుంది. అతడు వినడు. అక్క సాయం కోరుతాడు. సుదేష్ణ మద్యం తెమ్మనే నెపంతో సైరంధ్రిని అతని ఇంటికి పంపుతుంది. ఆమె తప్పించుకొని రాజసభకు పరుగెత్తుతుంది. అతడు వెంటాడి వచ్చి, అందరూ చూస్తుండగానే ఆమెను తన్నుతాడు. సభ మౌనంగా కూర్చుంటుంది.

ఈ కథ విన్నవారెవరికీ తీర్పు చెప్పడంలో తడబాటు ఉండదు. స్త్రీలను వేధించేవానికి తెలుగు పత్రికలు నేటికీ వాడే పేరు కీచకుడే. ఇప్పుడు ఒక ఊహ చేద్దాం. కథలోని పనులన్నిటినీ అలాగే ఉంచి వేషాలు మాత్రం మారుద్దాం. సేనాపతిని కళాశాల విద్యార్థిని చేద్దాం. సుదేష్ణ స్థానంలో ఉపాయాలు చెప్పే స్నేహితులను నిలుపుదాం. ఆమె విసుక్కున్న ప్రతిసారీ వెనుక మధురమైన వేణునాదం వినిపిద్దాం. రెండు గంటలు గడిచేసరికి ఆమె చిరునవ్వు నవ్వుతుంది, మనం చప్పట్లు కొడతాం. చేసిన పని మారలేదు. మారినవి కెమెరా నిలిచిన చోటు, వెనుక వినిపించిన సంగీతం. అంతమాత్రాన అధర్మం ప్రేమ అయిపోతుందా?

షాంటిలీ పరిసరాలలో పెరుగుతున్న పిల్లల విషయంలో ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన బరువుంది. వారికి తెలుగు వినిపించే చోట్లు కొన్నే: ఇల్లు, గుడి, వారాంతపు తెలుగు తరగతి, సినిమా. మొదటి మూడు చోట్లా వినిపించేది అన్నం తిన్నావా, పాఠం చదివావా, చెప్పులు బయట విడిచావా అనే తెలుగు. ప్రేమ గురించి పిల్లలతో తెలుగులో మాట్లాడే అలవాటు మన ఇళ్ళలో తక్కువ. కనుక మనసుకు సంబంధించిన తెలుగు వారికి చాలావరకు తెర మీద నుంచే అందుతుంది. సొంతగడ్డ మీద పెరిగేవారికి ఆ తెరను సరిచూసుకోవడానికి చుట్టూ బంధువులు, ఇరుగుపొరుగువారు, కళ్ళెదుట జరిగే పెళ్ళిళ్ళు ఉంటాయి. ఇక్కడి పిల్లలకు అవి దూరం. ఒక అబ్బాయి అమ్మాయితో తెలుగులో ఎలా మాట్లాడాలి, ఆమె వద్దంటే ఏమనాలి అనే విషయాలకు సినిమాయే వారి నిఘంటువు. నిఘంటువులో ఒక మాటకు తప్పు అర్థం రాసి ఉంటే, నేర్చుకునేవారు ఆ తప్పునే భాష అనుకుంటారు.

2017లో సందీప్ రెడ్డి వంగా దర్శకత్వంలో వచ్చిన అర్జున్ రెడ్డి చిత్రాన్ని చూడండి. నటనలోని తీవ్రతకు, సంభాషణల సహజత్వానికి అది ప్రశంసలు పొందింది. ఆ ప్రశంసలు నిష్కారణం కావు. అయితే అందులో వైద్య కళాశాల సీనియర్ విద్యార్థి కొత్తగా చేరిన అమ్మాయిని చూస్తాడు. ఆమె నోట ఒక్క మాట రాకముందే ఆమె తనదని తోటి విద్యార్థులకు చాటుతాడు. విడుదల సమయంలో హైదరాబాదులో అలజడి రేగింది. ఆ అలజడి ముద్దు దృశ్యమున్న గోడపత్రం మీద. ఒక రాజకీయ నాయకుడు దానిని బహిరంగంగా చింపివేశారు. ముద్దు కనిపించడం ఆయనకు అభ్యంతరమైంది. ఆమె సమ్మతి కనిపించకపోవడం అంతకంటె పెద్ద అభ్యంతరం కావలసింది. మర్యాద వేరు, ధర్మం వేరు. పిల్లలతో సినిమా చూస్తూ ముద్దు దృశ్యం రాగానే రిమోట్ అందుకునే మనం, వెంటపడే దృశ్యం వచ్చినప్పుడు నవ్వుతూ కూర్చుంటాం.

కల్పనకు ఇంత విచారణ అవసరమా అని కొందరు అడుగుతారు. మన ఆలంకారికులు ఆ మాట అనరు. పాత్ర అనుభూతిని ప్రేక్షకుడు తన అనుభూతిగా ఆస్వాదించడమే రసానుభవమని వారి సిద్ధాంతం. కల్పన మనసును తాకుతుంది కనుకనే దానికి శాస్త్రం రాశారు. శృంగార రసానికి మూలం రతి అనే భావం. అది నాయికా నాయకులిద్దరిలోనూ ఉండాలి. ఒక్కరిలోనే ఉంటే అది రసం కాదు, రసాభాసం. ఆభాసం అంటే ఉన్నట్టు తోచేది, నిజానికి లేనిది. ముత్యపుచిప్ప దూరం నుంచి వెండిలా మెరుస్తుంది, అలాంటిది. విశ్వనాథుని సాహిత్యదర్పణం ఈ విభజనను స్పష్టంగా చేసింది. సీత పట్ల రావణుని మోహం దీనికి ఆలంకారికులు చూపే ప్రసిద్ధమైన ఉదాహరణ. నేడు ఏదైనా సభ గందరగోళమైతే రసాభాస అయింది అంటున్నాం. ఆ మాట అసలు అర్థం ఇంత లోతైనది.

ఇక్కడ ఒక భేదం గమనించాలి. ఒకరి మీద ఇష్టం కలగడం నేరం కాదు. దానిని మర్యాదగా చెప్పడమూ నేరం కాదు. ఆ తర్వాత వచ్చే జవాబు దగ్గరే మనిషి స్వభావం తేలుతుంది. జవాబును జవాబుగా తీసుకున్నవాడు, నిరాశపడినా, ప్రేమకు అర్హుడు. దానిని దాటవలసిన అడ్డంకిగా చూసినవాడు సేనాపతి అయినా కీచకుడే.

రుక్మిణీ కల్యాణం ఈ భేదాన్ని చక్కగా చూపుతుంది. అన్న రుక్మి ఆమెను శిశుపాలునికి ఇవ్వాలని నిశ్చయించాడు. ఆమె అగ్నిద్యోతనుడనే బ్రాహ్మణుని ద్వారా శ్రీకృష్ణునికి కబురు పంపింది. ఆయన వచ్చి రథమెక్కించుకొని వెళ్ళాడు. దూరం నుంచి చూసేవారికి అది అపహరణమే. కాని పిలిచినది ఆమె. అదే సంప్రదాయంలో అంబ కథ కూడా ఉంది. భీష్ముడు కాశీరాజు కుమార్తెలను స్వయంవరం నుంచి తమ్ముని కోసం తీసుకుపోయాడు. అంబ తన మనసు సాళ్వునిదని చెప్పాక విడిచిపెట్టాడు. సాళ్వుడు ఆమెను తిరిగి స్వీకరించలేదు, ఆమె బతుకు చెదిరిపోయింది. భారతం భీష్ముని పరాక్రమాన్ని కొనియాడింది, ఆ బాకీని మాత్రం మాఫీ చేయలేదు. అంబయే శిఖండియై యుద్ధరంగంలో ఎదురు నిలిచింది. మన కథల్లో దోషాలు లేవని చెప్పడం నా ఉద్దేశం కాదు. దోషం జరిగినప్పుడు దాని లెక్క రాసిపెట్టే నిజాయితీ వాటిలో ఉంది.

తెలుగు సినిమా ఎప్పుడూ ఆమె మాటను కాదన్నదనడం కూడా అన్యాయం. 1955లో ఎల్.వి. ప్రసాద్ తీసిన మిస్సమ్మలో ఉద్యోగం కోసం ఇద్దరు నిరుద్యోగులు భార్యాభర్తలుగా నటిస్తారు. సావిత్రి పోషించిన మేరీకి తనదైన కోపం ఉంది, హద్దులు ఉన్నాయి. కథ వాటికి విలువనిచ్చింది. ఆమె క్రైస్తవురాలు, అతడు హిందువు. ఆ చిక్కుముడిని మాత్రం సినిమా విప్పలేదు. ఆమె చిన్నప్పుడు తప్పిపోయిన జమీందారు కూతురు మహాలక్ష్మి అని చివర తేల్చి, ముడినే మాయం చేసింది. భిన్నమైన మనిషిని ప్రేమించవచ్చు, కాని ఆ మనిషి చివరికి మనవారే అని తేలాలన్న కోరిక ఆ ముగింపులో ఉంది. అంతకు పదిహేడేళ్ళ ముందే, 1938లో, చలం కథతో గూడవల్లి రామబ్రహ్మం తీసిన మాలపిల్ల ఈ సులువైన దారి పట్టలేదు. బ్రాహ్మణ యువకుడు దళిత యువతిని ప్రేమించిన కథ అది. ఇటీవల, 2021లో, పింక్ అనే హిందీ చిత్రం ఆధారంగా వచ్చిన వకీల్ సాబ్ స్త్రీ వద్దన్న మాటను న్యాయస్థానంలో నిలబెట్టింది. అగ్రనటుడున్న చిత్రం ఆ మాట చెప్పడం మేలు. అక్కడ కూడా ఆమె మాటకు బలం రావడానికి ఒక పురుషుని గొంతు కావలసి వచ్చిందన్నది ఆలోచించవలసిన విషయం.

గొంతు మాట వచ్చింది కనుక మరొకటి. మన నాయికలలో చాలామందికి తెలుగు రాదు. తెర మీద ఒకరి ముఖం, తెర వెనుక మరొకరి గొంతు. గొంతు అరువిచ్చే కళాకారిణుల నైపుణ్యం గొప్పదే. అయితే తెలుగు పలికే తెలుగమ్మాయిని కాదని, భాష రాని మరొకరిని ఎన్నుకోవడంలో ప్రమాణమేమిటి? ఆ ప్రమాణాలలో మేనిఛాయ ఒకటని అందరికీ తెలుసు. ఆమె ఏమంటుందన్నదాని కంటె ఆమె ఎంత తెల్లగా ఉందన్నది ముఖ్యమైన చోట, ఆమె వద్దు అన్న మాటకు మాత్రం విలువ ఎక్కడిది?

ఈ రంగుల లెక్క మన పురాణాలలో లేదు. కృష్ణ శబ్దానికి అర్థమే నలుపు. ద్రౌపదికి కృష్ణ అనే పేరుంది, ఆమె నల్లని సౌందర్యవతి. తిరుమలలో మనం మొక్కే మూలవిరాట్టు నల్లని శిల. ఇంత ఉన్నా, మన తెర మీద నల్లని ద్రౌపదిని చూసిన గుర్తు ఎవరికైనా ఉందా? నల్లని కృష్ణునికైతే నీలిరంగు పూసి గౌరవంగా తప్పించుకున్నాం. 1978లో కె. బాలచందర్ విశాఖపట్నం నేపథ్యంగా తీసిన మరో చరిత్రలో చామనఛాయ గల సరిత నాయిక. ఆమె కళ్ళు, మాట ఆ చిత్రాన్ని నడిపాయి. ఆ దారిలో తర్వాత నడిచినవారు తక్కువ. 2020లో సందీప్ రాజ్ తీసిన కలర్ ఫోటో వర్ణవివక్షనే కథావస్తువు చేసింది. నల్లని యువకుని పేరు జయకృష్ణ, తెల్లని యువతి పేరు దీప్తి. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందిన ఆ సినిమా చాలామందిని కదిలించింది. అదే కథను తిప్పి, నల్లని అమ్మాయిని తెల్లని అబ్బాయి ఆరాధించినట్లు చెప్పడానికి ఎందరు నిర్మాతలు ముందుకు వస్తారు? రంగు భారం స్త్రీ మీద రెండింతలు పడుతుంది.

2013 సెప్టెంబరులో తెలుగు కుటుంబంలో పుట్టిన నీనా దావులూరి మిస్ అమెరికాగా ఎన్నికయ్యారు. ఆ కిరీటం ధరించిన తొలి భారతీయ అమెరికన్ ఆమె. ఆ రాత్రే సామాజిక మాధ్యమాలలో ఆమె అసలైన అమెరికన్ కాదంటూ దూషణలు వెల్లువెత్తాయి. అదే సమయంలో మరొక మాట కూడా వినిపించింది. ఇంత చామనఛాయ ఉన్న అమ్మాయి భారతదేశంలోని అందాల పోటీలో గెలిచేది కాదని. ఒకే ముఖం, రెండు దేశాలు, రెండు తిరస్కారాలు. ఆమె తర్వాత ఈ వర్ణవివక్ష మీద కాంప్లెక్షన్ అనే డాక్యుమెంటరీ నిర్మించారు. 1975లో పుట్టిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో గ్లో అండ్ లవ్లీగా పేరు మార్చుకుంది. డబ్బా మీద పేరు మారడం సులభం. పెళ్ళిసంబంధాల ప్రకటనలో తెల్లని వధువు కావలెను అన్న వాక్యం పోవడం కష్టం.

మన లోపలి రంగుల లెక్క ఇదైతే, ఈ నేల మీద రంగుల లెక్క ఒకప్పుడు చట్టమే అయి ఉండేది. వర్జీనియా 1924లో జాతి స్వచ్ఛత పేరుతో చేసిన చట్టం తెల్లవారికి, ఇతరులకు మధ్య వివాహాన్ని నేరం చేసింది. అంతకు ఏడాది ముందే అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ వ్యాజ్యంలో భారతీయులు పౌరసత్వ చట్టం చెప్పే తెల్లవారు కారని తీర్పు ఇచ్చింది. కనుక ఆ రోజుల్లో మన మనుమడు ఇక్కడ ఒక తెల్లమ్మాయిని పెళ్ళాడితే అతడు ఏ వైపు నిలబడేవాడో ఊహించుకోవచ్చు.

షాంటిలీ నుంచి కారులో రెండు గంటలకు మించని దూరంలో కరొలైన్ కౌంటీ ఉంది. అక్కడి తాపీమేస్త్రి రిచర్డ్ లవింగ్ తెల్లవాడు. మిల్డ్రెడ్ ఆఫ్రికన్, ఆదివాసీ మూలాలు గల యువతి. 1958 జూన్‌లో వారు వాషింగ్టన్ వెళ్ళి పెళ్ళి చేసుకున్నారు. ఆ జూలైలో ఒక రాత్రి షెరిఫ్ వారి పడకగదిలోకి వచ్చి అరెస్టు చేశాడు. రాష్ట్రం విడిచి ఇరవై ఐదేళ్ళు కలిసి తిరిగి రాకుండా ఉంటే ఏడాది జైలుశిక్ష నిలిపివేస్తామని న్యాయమూర్తి చెప్పాడు. దేవుడు జాతులను వేర్వేరు ఖండాలలో ఉంచాడు కనుక అవి కలవకూడదన్నది ఆయన తర్కం. దేవుని పేరు చెప్పి మనుషులను విడదీయడం ఏ ఒక్క దేశానికీ పరిమితం కాదు. తమ ఇంటికి తాము తిరిగి వెళ్ళాలన్న కోరికతో మిల్డ్రెడ్ అటార్నీ జనరల్ రాబర్ట్ కెనడీకి ఉత్తరం రాసింది. 1967 జూన్ 12న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ చట్టాన్ని కొట్టివేసింది. ఆనాటికి ఇంకా పదహారు రాష్ట్రాలలో అలాంటి చట్టాలున్నాయి.

చట్టం చేసిన పనినే హాలీవుడ్ తనకు తానుగా చేసింది. 1930లో రూపొంది 1934 నుంచి కఠినంగా అమలైన నిర్మాణ నియమావళి తెల్లవారికి, నల్లవారికి మధ్య ప్రేమను తెర మీద నిషేధించింది. 1937 నాటి ది గుడ్ ఎర్త్‌లో చైనా రైతు భార్య పాత్రను ఐరోపా నటి లూయీజ్ రైనర్ పోషించి ఆస్కార్ అందుకున్నారు. లాస్ ఏంజెలెస్‌లో పుట్టిన చైనీస్ అమెరికన్ నటి అన్నా మే వాంగ్‌కు ఆ పాత్ర దక్కలేదు. ఎవరి ప్రేమ చూపదగినది, ఎవరి ముఖం ప్రేమించదగినది అన్న నిర్ణయం ఎవరి చేతిలో ఉందో ఈ రెండూ చెబుతాయి.

ఆ నిర్ణయానికి గురికావడం ఎలా ఉంటుందో మనకు తెలియనిది కాదు. ది సింప్సన్స్ కార్టూన్‌లో 1990 నుంచి దుకాణదారు అపూకు ఒక తెల్ల నటుడు వెటకారపు యాసతో గొంతునిచ్చాడు. ఎందరో భారతీయ పిల్లలు ఆ యాసను బడిలో ఎగతాళిగా విన్నారు. న్యూయార్క్‌లో తెలుగు కుటుంబంలో పుట్టి పెరిగిన హాస్యకారుడు హరి కొండబోలు 2017లో ఆ బాధను డాక్యుమెంటరీగా తీశారు. 2020లో ఆ నటుడు తాను ఇక ఆ గొంతు ఇవ్వనన్నాడు. సైరంధ్రికి జరిగినదే ఇక్కడ మరొక రూపంలో జరిగింది. ఎదుటి మనిషికి తన మాట ఉందని గుర్తించకుండా, మన మాటను ఆ నోట పెట్టడం. మరి మన పాటలలో నాయకుని వెనుక పేరు, మాట లేకుండా చిందులేసే విదేశీ యువతులు ఎవరు? నల్లవారిని కేవలం దొంగలుగా, హాస్యానికి సరుకుగా చూపే మన దృశ్యాలు ఏమిటి? అపూ విషయంలో నొచ్చుకున్న మనసు వీటి దగ్గర కూడా నొచ్చుకోవాలి.

మీరా నాయర్ 1991లో తీసిన మిసిసిపి మసాలా ఈ ప్రశ్నను నేరుగా మన ఇంట్లోకి తెచ్చింది. ఉగాండా నుంచి వెళ్ళగొట్టబడి అమెరికా చేరిన భారతీయ కుటుంబంలోని అమ్మాయి నల్లజాతి యువకుని ప్రేమిస్తుంది. రంగు పేరిట దేశాన్నే పోగొట్టుకున్న తండ్రి, తన కూతురి విషయంలో అదే రంగును అడ్డుగోడగా నిలుపుతాడు. వర్జీనియా చట్టం 1967లో పోయింది. మన ఇళ్ళలో రాయని చట్టాలు ఇంకా ఉన్నాయి. ఎవరినైనా చేసుకో, కాని అంటూ మొదలయ్యే వాక్యంలో ఆ కాని తర్వాత వచ్చే పట్టికను పిల్లలు పదేళ్ళకే కంఠస్థం చేస్తారు. ఆ పట్టికలో జాతి ఉంటుంది, మతం ఉంటుంది, కులం ఉంటుంది. 2018లో మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న యువకుడు గర్భవతియైన భార్య కళ్ళెదుటే హత్యకు గురయ్యాడు. పట్టిక ఎంత దూరం పోగలదో ఆ ఘటన చూపింది.

పెద్దల ఆందోళనలో ప్రేమ లేదనను. భాష, పండుగ, వంట, పూజ తమతో ఆగిపోతాయేమో అన్న భయం నిజమైనదే. అయితే ఆ భయాన్ని పిల్లలకు తెలుగులో విప్పి చెప్పడం ఒకటి, పట్టిక వెనుక దాచుకోవడం మరొకటి. విప్పి చెబితే కొడుకో కూతురో జవాబు చెప్పగలరు. పట్టికతో ఎవరూ మాట్లాడలేరు.

కీచకుని కథలో అందరికంటె ఎక్కువ ఆలోచింపజేసేది కీచకుడు కాదు, ఆ సభ. సభలోనివారికి ఏది తప్పో తెలుసు. ఎవరూ నోరు మెదపలేదు. చీకటి హాలులో కూర్చున్న మనం కూడా ఒక సభమే. మౌనంగా ఉండనవసరం లేదు. సినిమా మానివేయమని పిల్లలకు చెప్పనక్కర లేదు. ఇంటికి వచ్చే దారిలో మూడు మాటలు అడిగితే చాలు. ఆమె ఏమంది? అతడు విన్నాడా? ఆ సంగీతం తీసేస్తే ఆ దృశ్యం ఎలా ఉండేది? పదేళ్ళ పిల్లలు కూడా వీటికి చక్కగా జవాబు చెబుతారు.

తెలుగు నేర్చుకునే పిల్లలకు మొదట వచ్చే మాటలలో మూడున్నాయి: కావాలి, వద్దు, ఇష్టం. ఈ మూడూ నాకు అనే మాటతో కలిసి వస్తాయి. నాకు కావాలి, నాకు వద్దు, నాకు ఇష్టం. ఆ నాకు స్థానంలో మరొకరు నిలబడలేరు. ఎంత గొప్ప నాయకుడైనా ఆమెకు ఇష్టం అన్న వాక్యాన్ని ఆమె బదులు పలకలేడు, ఎంత ప్రేమగల తండ్రియైనా పలకలేడు. మన భాష పిల్లలకు మూడేళ్ళప్పుడే ఈ పాఠం నేర్పుతుంది. దానిని మరచిపోకుండా చూడటం పెద్దల పని.